కొత్త వేషం, కొత్త వర్గం: బళ్ళారి రంగస్థలం నుంచి ఆన్‌లైన్ ఆటల దాకా

పాత్ర వర్గం అంటే, కల్పిత లోకంలో వేషం కట్టినవాళ్ళు ఏమేం చేయగలరో, ఏం చేయకూడదో, ఎవరి తోడు లేకపోతే నిలవలేరో ముందుగానే నిర్ణయించే కట్టుబాటు. ఆన్‌లైన్ ఆటలు ఆడేవాళ్ళు దీన్ని క్లాస్ అంటారు: యోధుడు, మంత్రగాడు, గాయాలు మాన్పే పూజారి, చాటుగా దెబ్బతీసే దొంగ. నాటకాలవాళ్ళకు ఇదే రాజు వేషం, రాక్షస వేషం, ఆడవేషం, హాస్యగాడి వేషం. పేర్లు వేరైనా లోపలి ఏర్పాటు ఒక్కటే. ఉన్న వర్గాల మధ్యకు మరొకటి వచ్చి చేరినప్పుడు ఏం జరుగుతుంది, అలా వచ్చినవాటిలో దేన్ని నిజంగా కొత్తది అనవచ్చు అన్నది ఇక్కడి విచారణ. ఇందుకు సాక్ష్యాలు రెండు చోట్ల దండిగా దొరుకుతాయి. ఒకటి, 1974లో అమెరికాలో మొదలై ఇవాళ ప్రపంచమంతా ఆడుతున్న వేషధారణ ఆటలు. రెండోది బళ్ళారి. 1880ల నుంచి 1940ల దాకా తెలుగు నాటకానికి ముఖ్య కేంద్రాల్లో ఒకటిగా నిలిచిన ఊరు అది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. కొత్త ముఖంతోనో కొత్త ఆయుధంతోనో కొత్త పేరుతోనో వర్గం ఏర్పడదు. ఒక వేషం రంగంలోకి దిగాక తక్కిన వేషాలన్నీ తమ పనిని మళ్ళీ నేర్చుకోవలసి వస్తే, అప్పుడే కొత్త వర్గం పుట్టినట్టు.

పాత్రలను వర్గాలుగా విడదీయడం మన అలంకారశాస్త్రానికి కొత్త కాదు. పదో శతాబ్దంలో ధనంజయుడు రాసిన దశరూపకం నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు రకాలు చేసింది. ఈ విభజనలో రూపం గురించిన మాట తక్కువ, నడవడి గురించిన మాట ఎక్కువ. ఎవడు కోపాన్ని దిగమింగుకుంటాడు, ఎవడు గర్వంతో మీదికి దూకుతాడు, ఎవడు రాజ్యభారం మంత్రులకు వదిలి కళల్లో మునుగుతాడు అన్నదే అక్కడి లెక్క. విదూషకుడి ప్రత్యేకత కూడా అతని బొజ్జలోనో తిండిపోతుతనంలోనో లేదు. రాజుతో ఎవరూ అనలేని మాట అనగలిగే చనువులో ఉంది. ఆ చనువు తీసేస్తే రాజు మనసులోని మాట ప్రేక్షకుడికి చేరే దారే మూసుకుపోతుంది. ఇలా ఒక వర్గం ఉనికి మరో వర్గం అవసరంతో ముడిపడి ఉండడం ప్రాచీనులకు బాగా తెలుసు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అచ్చువేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మొదట మూడే వర్గాలు: యోధుడు, మంత్రగాడు, పూజారి. వీటిలో పూజారి పుట్టుక కథ మన విచారణకు చాలా దగ్గరది. ఆర్నెసన్ ఇంట సాగుతున్న తొలి ఆటల్లో ఒకరు రక్తపిశాచి వేషం కట్టి, రోజురోజుకూ బలం పెంచుకుంటూ ఎవరికీ లొంగకుండా పోయారు. ఆ వేషాన్ని అదుపు చేయడానికి పిశాచాలను తరిమే మతాధికారి వేషాన్ని తెచ్చారని ఆ ఆట చరిత్ర రాసినవారు చెబుతారు. గాయాలు మాన్పే శక్తి కూడా ఆ వేషానికే చెందింది. దాంతో యోధుడు ఆడే తీరే మారిపోయింది. వెనక మాన్పేవాడు ఉన్నాడన్న ధైర్యంతో ముందుకు దూకడం మొదలైంది. మరుసటి ఏడు, 1975లో, గ్రేహాక్ అనుబంధంతో దొంగ వచ్చి చేరాడు. తాళాలు తీయడం, ఉచ్చులు కనిపెట్టడం అతని వంతు. అంతవరకూ ఆ పనులు అందరివీ. అతను వచ్చాక ఒకరివయ్యాయి. కొత్త వర్గం కొత్త పని తేవడంతో ఆగదు, పాతవాళ్ళ చేతుల్లోంచి కొంత పని లాగేసుకుంటుంది కూడా. ఈ రెండో సంగతిని ఆటల గురించి రాసేవాళ్ళు తక్కువగా పట్టించుకుంటారు.

ఆన్‌లైన్ యుగంలో ఇదే సూత్రానికి అనుకూలంగానూ ప్రతికూలంగానూ ఉదాహరణలు దొరుకుతాయి. 1999 మార్చిలో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ 14 వర్గాలతో మొదలైంది. 2001 చివర్లో బీస్ట్‌లార్డ్‌ను, 2004లో బెర్సర్కర్‌ను కలిపి 16 చేశారు. బెర్సర్కర్ పెద్ద గొడ్డళ్ళతో దగ్గరినుంచి కొట్టే యోధుడు. అలా కొట్టేవాళ్ళు అప్పటికే ఆ ఆటలో ఉన్నారు. అతని రాకతో జట్టు కట్టే పద్ధతిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మరి ఇప్పటికీ ఆ వర్గం ఆటలో ఉంది కదా, అంటే నిలిచినట్టే కదా అని అడగవచ్చు. ఆటల కంపెనీలు ఒకసారి ఇచ్చిన వర్గాన్ని వెనక్కి తీసుకోవడం అరుదు. ఏళ్ళ తరబడి ఒకే వేషాన్ని పెంచుకున్న ఆటగాడి దగ్గరనుంచి దాన్ని లాక్కోలేరు. కాబట్టి జాబితాలో పేరు ఉండడాన్ని బట్టి ఏమీ తేల్చలేం. ఆట నడతను బట్టే తేల్చాలి.

2004 నవంబరులో తొమ్మిది వర్గాలతో మొదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ ఆటలో జట్టు మూడు పనుల మీద నిలబడుతుంది: శత్రువు దెబ్బలను తన మీదికి తెచ్చుకునే ట్యాంక్, మాన్పే హీలర్, దెబ్బతీసేవాళ్ళు. ఆటగాళ్ళు రెండు పక్షాలుగా ఉండే ఈ ఆటలో మొదట పాలడిన్ వర్గం ఒక పక్షానికే, షమాన్ వర్గం అవతలి పక్షానికే ఉండేవి. 2007లో రెండు పక్షాలకూ రెండూ ఇచ్చేశారు. ఒక పని ఒకే పక్షానికి సొంతమైతే రెండు పక్షాలను సమంగా ఉంచడం ఎంత కష్టమో ఆ నిర్ణయమే చెబుతుంది. 2008 నవంబరులో తొలి కొత్త వర్గంగా డెత్ నైట్ వచ్చింది, అదీ ఒకటో స్థాయి నుంచి కాకుండా 55వ స్థాయి నుంచి మొదలయ్యే వీర వర్గంగా. దూరాన ఉన్న శత్రువును తన దగ్గరికి లాక్కునే శక్తి దానికి ఉంది. దాంతో మంత్రగాళ్ళను వెంటాడి పట్టుకోవలసిన పని తప్పి, పోరాటం ఎక్కడ జరగాలో నిర్ణయించే వీలు ఒక వేషానికి దక్కింది. మొదట్లో దాని మూడు శాఖలతోనూ, అంటే ఒకే వర్గంలోని మూడు ఆటతీరులతోనూ, ట్యాంక్ పని చేయగలిగేవాళ్ళు; 2010లో ఒక్క శాఖకు కుదించారు. 2012లో మాంక్, 2016లో డీమన్ హంటర్, 2022లో ఎవోకర్ వచ్చాయి. వీటన్నిటిలో నా దృష్టిలో అతి ముఖ్యమైన మార్పు కొత్త వర్గంగా రాలేదు. 2023 జులైలో ఎవోకర్‌కు మూడో శాఖగా వచ్చింది. ఈ శాఖ తాను కొట్టేది తక్కువ, జట్టులోని ఇతరుల దెబ్బకు బలం చేర్చడమే దాని ముఖ్యమైన పని. తన శ్రమ ఎదుటివాడి ఖాతాలో పడే వేషం అన్నమాట. ఎవరెంత కొట్టారో చూపే లెక్కలను బట్టి ప్రతిభను కొలవడం అలవాటైన ఆటగాళ్ళకు ఆ కొలతే పనికిరాకుండా పోయింది. పేరుకు శాఖే అయినా, నేను చెబుతున్న అర్థంలో అది వర్గం.

ఇప్పుడు బళ్ళారికి వద్దాం. 1800లో నిజాం నుంచి కుంపిణీ చేతికి వచ్చిన దత్తమండలాల్లో భాగమై, ఆపైన మద్రాసు రాజధానిలో ఉండిన జిల్లా ఇది. కన్నడం, తెలుగు రెండూ కోర్టులోనూ సంతలోనూ వేదిక మీదా వినిపించే చోటు. ఇక్కడ వకీలుగా పనిచేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీ సభ పేరుతో నాటక సమాజం పెట్టి, చిత్రనళీయంతో మొదలుకొని వరసగా నాటకాలు రాసి ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు ఆయనది. వేదిక మీద పాటా పద్యమూ సమృద్ధిగా ఉండాలన్నది ఆయన పద్ధతి. అయినా ఆయన తెచ్చిన అసలైన కొత్తదనం సంగీతంలో కంటే విషాద సారంగధరలో ఉంది. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దీనికి పేరు. సవతితల్లి చిత్రాంగి కోరికను కాదన్న రాజకుమారుడి మీద నింద పడడం, తండ్రి రాజరాజనరేంద్రుడు కాళ్ళూ చేతులూ నరికించడం కథ. పాత కావ్యాల్లో సిద్ధుడి మహిమతో సారంగధరుడికి అవయవాలు మళ్ళీ వస్తాయి. విషాదాంతం చేశాక ఆ ఊరట లేదు. సంస్కృత నాటక సంప్రదాయం నాయకుడి మరణాన్ని వేదిక మీద చూపదు. అందుచేత ఓడిపోయే నాయకుడు అన్నది తెలుగు వేదికకు అప్పటివరకూ లేని వర్గం. దాని వల్ల మారింది ఆ ఒక్క వేషమేనా? చివరన వచ్చి అంతా చక్కదిద్దే మహిమాన్వితుడి వేషానికి పని పోయింది. తండ్రి వేషం కట్టినవాడు తీర్పు చెప్పి తప్పుకోలేడు. తన తొందరపాటు ఫలితాన్ని ప్రేక్షకుల ఎదుట మోయాలి. చిత్రాంగి ఒట్టి దుష్టురాలిగా మిగిలితే విషాదానికి బరువు రాదు. ఒక వేషం తలరాత మారేసరికి మూడు వేషాల నటన మారింది.

అదే ఊళ్ళో, అదే వకీలు వృత్తిలో ఉన్న కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభకు నాటకాలు రాశారు. ఆయన ఎంచుకున్నది చరిత్ర. ప్రపంచ నాటక చరిత్ర మీద ఇంగ్లీషులో ఒక గ్రంథం కూడా రాసిన పండితుడాయన. విజయనగర పతనాన్ని ఇతివృత్తంగా తీసుకుని రామరాజు చరిత్రము రాశారు. హంపి శిథిలాలు అప్పటి బళ్ళారి జిల్లాలోనే ఉన్నాయి. 1565లో ఆ నగరం కూలిందన్నది అక్కడి ప్రేక్షకులకు పుస్తకంలో చదివిన కథ కాదు, తమ నేల మీద కంటికి కనిపించే రాళ్ళు. పురాణ నాటకంలో ఓటమి ఎప్పుడూ రాక్షసుడిది. చరిత్ర నాటకంలో అవతలి పక్షాన ఉన్నది మనిషి. అతనికి తనదైన పౌరుషం ఉంటుంది, తనదైన న్యాయం ఉంటుంది. ఈ నాటకంలో పఠాన్ రుస్తుం పాత్ర అటువంటిది. దశరూపకం ప్రతినాయకుడిని ఉద్ధతుడిగా, లోభిగా, పాపిగా ముందే తేల్చేస్తుంది. పఠాన్ ఆ గడిలో ఇమడడు. ఇతన్ని చూసి ప్రేక్షకుడు భయపడాలి, అంతలోనే గౌరవించాలి. అవతలివాడికి గౌరవం దక్కిన మరుక్షణం రామరాజు పాత్ర దేవుడి అండ ఉన్న వీరుడి ఎత్తునుంచి దిగి, తన నిర్ణయాలకు తానే జవాబు చెప్పుకోవలసిన పాలకుడవుతుంది. కోలాచలం కీర్తిని చారిత్రక నాటకాల సంఖ్యతో కొలుస్తుంటారు గానీ, ఎదిరి పక్షానికి ఇచ్చిన ఈ చోటే ఆయన పెద్ద కానుక అని నా అభిప్రాయం.

పఠాన్‌ను వేదిక మీద నిలబెట్టింది ధర్మవరం మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు, అంటే బళ్ళారి రాఘవ (1880–1946). ఆయనా వకీలే. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింటిలో నటించారు. దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, పఠాన్ ఆయనకు పేరు తెచ్చిన పాత్రల్లో ముఖ్యమైనవి. పద్యాన్ని రాగం కోసం సాగదీయడం కంటే మాటకూ భావానికీ విలువ ఇచ్చిన నటుడు. అన్నిటికంటే పట్టుదలతో ఆయన వాదించిన సంగతి ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టాలని. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటివారు ఆయన సరసన వేదికెక్కారు. పి.వి. రాజమన్నార్ రాసిన తప్పెవరిది వంటి సాంఘిక నాటకాలను ఆయన ప్రోత్సహించడానికీ దీనికీ సంబంధం ఉంది. ఇంటి గదిలో భార్యాభర్తలు వాదించుకునే సన్నివేశంలో పట్టుచీర కట్టిన పురుషుడి హొయలు నప్పవు. ఆడవేషం కట్టే పురుషుడి కళ వయ్యారాన్ని నిర్మించడంలో ఉంది. నటి చేతికి వచ్చాక ఆ పాత్రకు అలసట, కోపం, ఎదురుమాట వచ్చాయి. ఎదుట ఉన్న నాయకుడు ఇక ఒంటరిగా పద్యం పాడి మెప్పు పొందలేడు, జవాబు వినాలి.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. కడప జిల్లా సురభిలో 1885లో వనారస గోవిందరావు పెట్టిన కుటుంబ నాటక సమాజంలో ఇంటి ఆడవాళ్ళే ఆడవేషాలు కట్టారు. అలాంటప్పుడు రాఘవ తెచ్చిన కొత్తదనం ఏమిటి? వాస్తవం నిజమే, గౌరవం సురభికే చెందాలి. అయితే సురభిలో ఆ ఏర్పాటు కుటుంబం లోపలిది. తల్లి, చెల్లెలు, కోడలు నటించినా పక్కన ఉన్నది తమవాళ్ళే. చదువుకున్న పెద్దమనుషులు సాయంత్రం వేళ సరదాగా నడుపుకునే సభలకు అది వర్తించలేదు. రాఘవ ఆ సభల కట్టుబాటు మీదే చేయి వేశారు. నటి ఉండడం సురభి సాధించింది. నటి ఉన్నాక పరాయి నటుడు ఆమె పక్కన ఎలా నిలబడాలన్న ప్రశ్న బళ్ళారి నుంచి వచ్చింది. మరో వాస్తవాన్ని కూడా దాచకూడదు. కొత్త వర్గం రాగానే పాతది చచ్చిపోలేదు. ఆడవేషాలకే పేరుపొందిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది, రాఘవ పోయిన పదేళ్ళకు. రెండు పద్ధతులూ చాలాకాలం పక్కపక్కనే నడిచాయి. పాత వర్గం తన కళలో పరిపూర్ణతకు చేరింది, కానీ కొత్తగా ఆ దారి పట్టేవాళ్ళు తగ్గారు.

నాటకాన్ని ఆన్‌లైన్ ఆటతో కలిపి చూడడమే తప్పని ఇంకొందరు అనవచ్చు. ఆటలో ఆటగాడు తన వర్గాన్ని తానే ఎంచుకుంటాడు, ముగింపు ముందే రాసి ఉండదు. నాటకంలో రచయిత రాసిందే జరుగుతుంది. ఈ తేడా ఉన్నదే. కానీ అనుకున్నంత పెద్దది కాదు. బళ్ళారి సభల్లో నటులు జీతగాళ్ళు కారు. ఎక్కువమంది వకీళ్ళు, ఉద్యోగులు. తమకు నప్పే పాత్రను పట్టి, ఏళ్ళ తరబడి దాన్నే పెంచుకునేవాళ్ళు. ఒకే పఠాన్ ఒక నటుడి చేతిలో ఒకలా, మరొకరి చేతిలో మరోలా నడిచేది. వన్స్‌మోర్ అని కేకలు పడితే నాటకం ఆగి వెనక్కి వెళ్ళేది. అటు ఆన్‌లైన్ ఆటలో స్వేచ్ఛకూ హద్దులున్నాయి. ఏ శక్తి ఎన్ని క్షణాలకు ఒకసారి వాడవచ్చో కంపెనీ రాసిపెడుతుంది, నచ్చకపోతే మారుస్తుంది. ఎవరో గీసిన హద్దుల మధ్య ఇంకెవరో ప్రాణం పోయడం రెండు చోట్లా ఉన్నదే.

తోలుబొమ్మలాట ఈ విషయంలో ఇంకా స్పష్టమైన సాక్ష్యం ఇస్తుంది. బళ్ళారి ప్రాంతంలో దీన్ని తొగలు గొంబెయాట అంటారు. సరిహద్దుకు ఇవతల, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట. రెండు వైపులా ఆడేవాళ్ళలో చాలామంది ఇంట్లో మరాఠీకి దగ్గరి మాట మాట్లాడే కుటుంబాలవారు. రామాయణ భారతాల బొమ్మల మధ్యకు పురాణంలో ఎక్కడా లేని ఒక వర్గం దూరింది. తెలుగు ఆటలో జుట్టుపోలిగాడు, కేతిగాడు, బంగారక్క. కన్నడ ఆటలో కిళ్ళేక్యాత, బంగారక్క. యుద్ధం నడుస్తుండగా వచ్చి కథను ఆపేసి, ఊళ్ళో సంగతులు మాట్లాడి, తిట్టుకుని కొట్టుకుని వెళ్ళడం వీళ్ళ పని. కథను ఆపే హక్కు రాముడికి లేదు, రావణుడికి లేదు, వీళ్ళకు ఉంది. ఆ హక్కు వల్లే రాత్రంతా సాగే ఆటకు ఊపిరి దొరికింది. కన్నడ సీమలో కిళ్ళేక్యాత పేరు ఆ ఆట ఆడే కులానికే పేరైందంటే ఈ వర్గం ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది.

2022లో కన్నుమూసిన బళ్ళారి తోలుబొమ్మల కళాకారుడు బెళగల్లు వీరన్న, గాంధీ జీవితాన్నీ స్వాతంత్ర్య పోరాటాన్నీ ఈ తెర మీదికి తెచ్చారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ ఆయనకు పురస్కారం ఇచ్చింది. గాంధీ బొమ్మ కొత్త వేషమా, కొత్త వర్గమా? పైకి చూస్తే రాముడి స్థానంలో గాంధీ, రావణుడి స్థానంలో తెల్లదొర, అంతే అనిపిస్తుంది. కానీ తోలుబొమ్మలాటలో వీరుడి గొప్పతనం తేలేది యుద్ధంలో. రెండు బొమ్మలు తెర మీద ఒకదానికొకటి తగిలి, బాణాలు దూసుకుపోతూ, పలకల చప్పుడుతో దద్దరిల్లే ఘట్టం అది. చేతిలో ఆయుధం లేని, తిరిగి కొట్టని నాయకుడికి ఆ ఘట్టంలో చోటెక్కడ? దెబ్బ తినడమే విజయంగా కనిపించాలంటే కొట్టేవాడి బొమ్మ, చుట్టూ ఉన్న జనం బొమ్మలు, పాట అన్నీ పనులు మార్చుకోవాలి. కాబట్టి దీన్ని వర్గంగానే లెక్కించాలి. ఒక వ్యక్తికి కట్టుబడిన వర్గం కాబట్టి ఇందులోంచి మరిన్ని పాత్రలు పుట్టడం కష్టమన్న పరిమితి మాత్రం ఉంది. జుట్టుపోలిగాడికి అటువంటి ఇబ్బంది లేదు. ఏ కథలోకైనా దూరగలడు.

వేషం సంగతిని నేను మరీ తక్కువ చేస్తున్నానని అనేవాళ్ళుంటారు. డెత్ నైట్‌ను ఎంచుకున్నవాళ్ళలో చాలామందిని లాగింది దాని నీలి కళ్ళు, మంచుకత్తి. రాఘవ పఠాన్‌ను చూడడానికి వచ్చినవాళ్ళు తలపాగాను, నడకను కూడా చూడడానికే వచ్చారు. రూపం లేకుండా వర్గం జనంలోకి వెళ్ళదు, ఒప్పుకోవలసిందే. అయితే పని పోయి రూపం ఒక్కటే మిగిలితే ఏమవుతుందో నిమ్మలకుంటలో చూడవచ్చు. అక్కడి చేతిపనికి దేశమంతా పేరుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. ఆటలు తగ్గాక కుటుంబాలు అదే తోలుతో, అదే రంగులతో లాంతరు తొడుగులు, గోడకు వేలాడదీసే బొమ్మలు చేసి బతుకుతున్నాయి. హనుమంతుడు, సీత, దశకంఠుడు అందంగానే ఉన్నారు, కొనేవాళ్ళూ ఉన్నారు. ఆ పనిని తక్కువగా చూడడానికి వీల్లేదు, అది కళాకారుడికి అన్నం పెడుతోంది. కానీ లాంతరు తొడుగు మీది హనుమంతుడు ఎవరికీ ఎదురు నిలవనక్కరలేదు, ఎవరి మాటకూ జవాబివ్వనక్కరలేదు. రూపంగా అతను పూర్తిగా ఉన్నాడు, వర్గంగా లేడు. గమనించదగ్గ సంగతి ఇంకొకటి ఉంది: ఇలాంటి అలంకరణ వస్తువుల మీద దేవుళ్ళు, నెమళ్ళు, చెట్లు విరివిగా కనిపిస్తాయి, జుట్టుపోలిగాడు కనిపించడం తక్కువ. అతనికి చూపడానికి అందం లేదు, ఉన్నదంతా పనే.

బళ్ళారి సరిహద్దు జిల్లా కావడం ఈ వాదానికి ఇంకో పరీక్ష పెడుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి, బళ్ళారి మైసూరులో చేరింది. వేషాలు మాత్రం అంతకుముందూ ఆ తర్వాతా రెండు వైపులా తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఏది సులువుగా గీత దాటిందో చూస్తే పద్యపాత్రలకు దారి కష్టంగా ఉంది. తెలుగు పద్యం మీద నిలబడిన వేషానికి కన్నడంలో కొత్తగా పద్యం రాయాలి, రాగం కుదరాలి. బంగారక్కకు అనువాదం అక్కరలేకపోయింది. ఆమె పేరు సహా రెండు భాషల ఆటల్లోనూ ఉంది. తిట్లు, సామెతలు ఏ ఊరివి ఆ ఊరివే. కన్నడ వీధి ప్రదర్శన అయిన బయలాటలో సారథి భాగవతుడి పక్కన నిలబడి వచ్చిన ప్రతి పాత్రనూ నువ్వెవరని ప్రశ్నించి ప్రేక్షకులకు పరిచయం చేస్తాడు. మన వీధినాటకంలో హాస్యగాడు చేసేదీ అదే. పదేపదే రూపం మార్చుకుంటూ, పేరు మార్చుకుంటూ ఆ పని రెండు భాషల్లో బతికింది. ప్రపంచ ఆటల్లోనూ ఇదే జరిగింది. 1974 నాటి పూజారికి ఇప్పుడు కొన్ని ఆటల్లో శిలువ లేదు, గుడి లేదు. ఒకచోట పొగమంచుతో మాన్పే సన్యాసి, మరోచోట పచ్చని రెక్కల నాగం. ముందున్నవాడు పడిపోకుండా వెనకనుంచి చూసుకోవడమన్న ఆ పని మటుకు చెక్కుచెదరలేదు.